పాలీ ఫిల్మ్‌కి ఒక అంచున ట్రీట్‌మెంట్ తక్కువ వస్తుంటే పవర్ పెంచాలా?

ఒడిశాలోని గుణుపురం నుంచి ఒకరు అడిగారు. వాళ్ళు 800 మి.మీ. వెడల్పు, 50 మైక్రాన్ల మిల్కీ పాలీ (పాలతెలుపు పాలిథీన్ ఫిల్మ్) మీద నాలుగు రంగుల ఫ్లెక్సో ప్రింటింగ్ నడుపుతున్నారు. ఇంకు పట్టడానికి ఫిల్మ్ పైపొరని ముందు ట్రీటర్ అనే మెషిన్‌లో విద్యుత్ వెలుగు కింద నడుపుతారు, దాన్నే కరోనా ట్రీట్‌మెంట్ అంటాం. వేగం నిమిషానికి 100 మీటర్లు. మధ్యలోనూ ఆపరేటర్ సైడ్‌లోనూ (ఆపరేటర్ నిలబడే పక్క) ఇంకు గట్టిగా పట్టింది. గేర్ సైడ్ (గేర్లు ఉండే ఎదుటి పక్క) అంచు నుంచి 150 మి.మీ. మేర మాత్రం టేపు అంటించి లాగితే పొరలా లేచి వస్తోంది. డైన్ అంటే పైపొర ఇంకుని ఎంత పట్టుకోగలదో చెప్పే అంకె. డైన్ పెన్‌తో చూస్తే మధ్యలో 40, ఆ అంచున 34. ట్రీటర్ పవర్ 1.6 కిలోవాట్ల నుంచి 2.4కి పెంచారు. అంచు కొంచెమే బాగుపడింది. కానీ ఇప్పుడు రోల్ పొరలు ఒకదానికొకటి అతుక్కుంటున్నాయి, పౌచ్ మెషిన్ మీద సీల్ బలం తగ్గింది. సప్లయర్ తన ఫిల్మ్ బాగానే ఉందంటున్నారు. గోడౌన్‌లో ఇంకా 11 రోల్స్ ఉన్నాయి. ఇప్పుడేం చేయాలి అన్నది ప్రశ్న.

ముందు చేయాల్సింది చెప్తాను: పవర్‌ని మళ్ళీ 1.6కి దించండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి నా మొదటి అనుమానం గేర్ సైడ్‌లో ఎలక్ట్రోడ్‌కీ రోలర్‌కీ మధ్య గ్యాప్ పెరిగి ఉండటం. రెండో అనుమానం ఆ పక్క నిప్ రోలర్ (ఫిల్మ్‌ని ట్రీటర్ రోలర్‌కి ఒత్తి పట్టే రబ్బరు రోలర్) సరిగ్గా నొక్కకపోవడం. ఈ రెంటిలో ఏదైనా సరే, పవర్ పెంచితే తగ్గేది కాదు. పైగా మీకు కొత్తగా వచ్చిన రెండు బాధలూ, అంటే పొరలు అతుక్కోవడం, సీల్ బలహీనపడటం, పెంచిన పవర్ వల్ల వచ్చినవే.

నేను ఈ పనిలోకి వచ్చి ఇరవై రెండేళ్ళు. మొదట జీడిమెట్లలో ఎక్స్‌ట్రూడర్ (ప్లాస్టిక్ కరిగించి ఫిల్మ్ తీసే మెషిన్) మీద పని చేశాను, తర్వాత బరంపురం వచ్చి ప్రింటింగ్, లామినేషన్‌లో స్థిరపడ్డాను. ఇక్కడ పచ్చళ్ళు, అప్పడాలే మాకు ఎక్కువ పని పెడతాయి. ట్రీట్‌మెంట్ ఎక్కువ తక్కువల వల్ల పోయిన సరుకు చాలా చూశాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

పవర్ పెంచితే ఎందుకు సరికాదో అర్థం కావాలంటే కరోనా పని చేసే తీరు ఒక్కసారి గుర్తు చేసుకోవాలి. జనరేటర్ ఇచ్చే హై ఫ్రీక్వెన్సీ, హై వోల్టేజీ కరెంటు ఎలక్ట్రోడ్ పొడవునా ఒకేసారి వస్తుంది. ఎదురుగా స్లీవ్ (కరెంటు పోనివ్వని తొడుగు) ఎక్కించిన, ఎర్త్ చేసిన రోలర్ ఉంటుంది. మధ్యలో గాలి విద్యుత్‌తో చీలిపోయి ఊదారంగులో వెలుగుతుంది. ఆ వెలుగులో ఫిల్మ్ పైపొర ఆక్సీకరణ చెంది ఇంకును పట్టుకునే గుణం తెచ్చుకుంటుంది. గ్యాప్ తక్కువ ఉన్నచోట గాలి తేలిగ్గా చీలుతుంది, కరెంటు అటే పోతుంది. మీటర్ మీద కనిపించే 1.6 కిలోవాట్లు మొత్తం వెడల్పుకి కలిపి చూపే లెక్క. అందులో గేర్ సైడ్ 150 మి.మీ.కి ఎంత దక్కిందో మీటర్ చెప్పదు. పవర్ పెంచితే ఎక్కువ తాగుతున్న చోటే ఇంకా ఎక్కువ తాగుతుంది. కాలువ చివరి మడికి నీళ్ళు అందడం లేదని తూము ఇంకా ఎత్తితే ముందు మళ్ళు మునుగుతాయి గానీ చివరిది తడవదు.

లెక్క కూడా చూద్దాం. పవర్‌ని వెడల్పుతోనూ వేగంతోనూ భాగిస్తే వాట్ డెన్సిటీ వస్తుంది. 1600 వాట్లను 0.8 మీటర్లతోనూ, 100 మీటర్ల వేగంతోనూ భాగిస్తే చదరపు మీటరుకు 20 వాట్-నిమిషాలు. ముందే ఎక్స్‌ట్రూడర్ దగ్గర ట్రీట్ అయి వచ్చిన పాలీని ప్రింటింగ్‌కి ముందు మళ్ళీ లేపడానికి మా దగ్గర ఇది సరిపోతుంది. 2400 వాట్లంటే 30. మెషిన్ స్టార్ట్ చేసేటప్పుడు వేగం 30 మీటర్లే ఉండి, పవర్ వేగంతో పాటు తగ్గకపోతే అది 100 అవుతుంది. ఆ మొదటి వంద రెండొందల మీటర్లు మాడిన ఫిల్మే. మీ ట్రీటర్‌కి వేగాన్ని బట్టి పవర్ మారే సదుపాయం ఉందో లేదో, ఉంటే అది ఆన్‌లో ఉందో లేదో కూడా చూసుకోండి.

ఇక అసలు పని. ఏ బోల్టూ విప్పకముందు ఒక మ్యాప్ గీయండి. తెల్ల కాగితం మీద ఫిల్మ్ వెడల్పుని అడ్డంగా ఏడు భాగాలు చేయండి. ఫిల్మ్‌ని పొడవునా కనీసం మూడు మీటర్లు కోసి బల్ల మీద పరవండి. వెడల్పులో ఏడు చోట్ల, పొడవులో ప్రతి 100 మి.మీ.కి ఒకసారి డైన్ చూసి రాయండి. తర్వాత తిరగేసి వెనక ముఖం కూడా అలాగే చూడండి. గంట పట్టే పని. కానీ ఆ గంట తర్వాత ఎక్కడ వెతకాలో మీకే తెలుస్తుంది. బలహీనమైన చోటు పొడవునా ఒకే గీతలా ఉంటే కారణం ఒకటి, మధ్య మధ్యలో లెక్కగా తిరిగి తిరిగి వస్తే ఇంకొకటి, ఎక్కడబడితే అక్కడ మచ్చలుగా ఉంటే మరొకటి.

డైన్ చూసే పద్ధతి గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే సగం గొడవలు అక్కడే మొదలవుతాయి. పెన్ను మొన ఫిల్మ్ మీది స్లిప్‌ని (ఫిల్మ్ జారడానికి పాలీలో కలిపే పదార్థం) తుడుచుకుంటూ పోతుంది. పది రోల్స్ చూసిన పెన్ను పదకొండో రోల్ గురించి నిజం చెప్పదు. మా దగ్గర పెన్నులు గేటు దగ్గర తేలికపాటి పరీక్షకే. గొడవ తేల్చాల్సి వస్తే సీసాలో ద్రవం, ప్రతిసారీ కొత్త దూది పుల్ల. పుల్లతో పలచగా ఒక గీత లాగి రెండు సెకన్లు చూడాలి. గీత అలాగే నిలిస్తే ఆ డైన్ ఉన్నట్టు. రెండు సెకన్లలోపే ముడుచుకుని చుక్కలయితే లేనట్టు. సీసా మూత తీసి ఉంచితే ద్రవం ఆవిరై అంకె మారిపోతుంది, కాబట్టి గడువు తేదీ చూసి వాడండి. ఆ ద్రవంలో ఫార్మమైడ్ ఉంటుంది. అది ఒంటికి మంచిది కాదు, ముఖ్యంగా గర్భిణులు దాన్ని ముట్టకూడదు. మా క్వాలిటీ గదిలో ఆడపిల్లలు పని చేస్తారు, గ్లవ్స్ లేకుండా ఆ సీసా ఎవరు ముట్టినా నేను ఊరుకోను.

మీ మ్యాప్‌లో గేర్ సైడ్ 150 మి.మీ. పొడవునా ఒకే గీతలా వస్తుందని నా అంచనా. అప్పుడు తేల్చాల్సింది తప్పు ఫిల్మ్‌దా, మెషిన్‌దా అని. దానికి ఒక మంచి పరీక్ష ఉంది. రోల్ గేర్ సైడ్ అంచు మీద మార్కర్‌తో గీత పెట్టండి. ఆ రోల్‌ని స్లిట్టర్ (రోల్ విప్పి, కోసి మళ్ళీ చుట్టే మెషిన్) మీద ఒకసారి రివైండ్ చేయండి. తర్వాత అదే ముఖం ఎలక్ట్రోడ్ వైపు వచ్చేలా ప్రెస్ మీద ఎక్కించండి. ఇప్పుడు ఫిల్మ్ తోక నుంచి తల వైపు నడుస్తుంది కాబట్టి మార్కర్ గీత ఉన్న అంచు ఆపరేటర్ సైడ్‌కి వస్తుంది. రివైండ్ చేయకుండా రోల్‌ని చేత్తో అటూ ఇటూ తిప్పి పెడితే ముఖం కూడా మారిపోతుంది, పరీక్ష చెడిపోతుంది. చాలామంది ఇక్కడే పొరబడతారు. నడిపాక బలహీనమైన పట్టీ మార్కర్ గీతతో పాటు ఆపరేటర్ సైడ్‌కి వస్తే తప్పు ఫిల్మ్‌ది. గేర్ సైడ్‌లోనే ఉండిపోతే తప్పు మీ ట్రీటర్‌ది. సప్లయర్‌తో ఫోన్లో గంటలు వాదించే బదులు ఈ ఒక్క రోల్ నడపండి.

మాకు రెండు రకాలూ జరిగాయి. ఒకసారి పట్టీ ఫిల్మ్‌తోనే కదిలింది. మందం కొలిస్తే ఆ అంచు మిగతా వెడల్పు కంటే పలచగా ఉంది. ఆ పక్క ఫిల్మ్ సాగి వదులైపోయి, రోలర్ మీద ఒత్తుగా కూర్చోకుండా అలలాగా లేచి నడుస్తోంది. అలా లేచిన చోట ఫిల్మ్‌కీ రోలర్‌కీ మధ్య గాలి చేరుతుంది. గాలి ఉన్న ప్రతిచోటా కరోనా వెలుగుతుంది కాబట్టి శక్తి పంచుకుపోయి ముందు ముఖానికి తగ్గుతుంది, వెనక ముఖానికి అక్కర్లేని ట్రీట్‌మెంట్ వస్తుంది. ఆ రోల్స్ సప్లయర్‌కి కొలతలతో సహా పంపాం, ఒప్పుకుని వెనక్కి తీసుకున్నారు.

రెండోసారి తప్పు మాదే. అది నాకు బాగా గుర్తుంది. బరంపురం చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు కలిసి చేసే మామిడికాయ పచ్చడి, పావు కిలో పౌచ్. ప్రింట్ అయింది, పంపేశాం. మూడు వారాలకి పౌచ్‌లు తిరిగొచ్చాయి. నూనె చేతులతో రాస్తే ఒక వరసలోని పౌచ్‌ల మీద ఇంకు పోతోంది, దాంతో పాటు లైసెన్స్ నంబరూ పోతోంది. ఆ నంబరు కనిపించకపోతే కొట్టువాడు సరుకు పెట్టుకోడు. వాళ్ళు రెండు నెలలు కష్టపడి చేసిన పచ్చడి అది. ఆ వారం నాకు నిద్ర పట్టలేదు. వెతికితే తేలింది: అంతకు నెల ముందు ఎలక్ట్రోడ్ తీసి శుభ్రం చేశాక తిరిగి బిగించేటప్పుడు ఒక పక్క బ్రాకెట్ కింద ఒక వాషర్ ఎక్కువ పడింది. ఒక్క వాషర్. గ్యాప్ ఒక పక్క 1.5 మి.మీ., ఇంకో పక్క 2.6. నెల రోజులు ఎవరూ కొలవలేదు, ఎందుకంటే పెన్ను ఎప్పుడూ రోల్ మధ్యలోనే గీసేవాళ్ళం.

అందుకే మీకు గ్యాప్ కొలవమని గట్టిగా చెప్తున్నాను. మెయిన్ ఆపి, తాళం వేసి, ఎర్తింగ్ రాడ్‌తో ఎలక్ట్రోడ్‌ని తాకించాకే చెయ్యి పెట్టండి. స్విచ్ ఆపగానే చెయ్యి పెట్టే అలవాటు ఎవరికున్నా మాన్పించండి. ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకుల కట్ట) తీసుకుని గేర్ సైడ్, మధ్య, ఆపరేటర్ సైడ్ మూడు చోట్ల కొలవండి. తర్వాత రోలర్‌ని పావు చుట్టు తిప్పి మళ్ళీ మూడు. అలా నాలుగు సార్లు, మొత్తం పన్నెండు అంకెలు. చాలా మెషిన్లకి గ్యాప్ 1.5 నుంచి 2 మి.మీ. మధ్య ఉంటుంది, మీ మెషిన్ పుస్తకంలో ఎంతుందో అదే పెట్టండి. రోలర్‌ని ఎటు తిప్పినా గేర్ సైడ్ ఒక్కటే ఎక్కువ వస్తే ఎలక్ట్రోడ్ వంకరగా బిగిసింది, బ్రాకెట్ దగ్గర సరిచేస్తే చాలు. తిప్పుతున్నకొద్దీ అంకె మారుతుంటే రోలర్ గుండ్రం పోయింది, లేదా బేరింగ్ అరిగింది, లేదా స్లీవ్ ఒకచోట పొంగింది. రెండు పక్కల మధ్య 0.2 మి.మీ. తేడా ఉన్నా నేను వదిలిపెట్టను. ముక్కలు ముక్కలుగా ఉండే సెగ్మెంట్ ఎలక్ట్రోడ్ అయితే ప్రతి ముక్క కిందా చూడాలి. సీలింగ్ వచ్చే చోట ట్రీట్‌మెంట్ వద్దని పాత జాబ్‌లో ఎవరో నాలుగు ముక్కలు పైకి మడిచి, దించడం మరిచిపోయిన సందర్భాలు కూడా ఉన్నాయి.

గ్యాప్ సరిగ్గా ఉంటే నిప్ రోలర్ వైపు వెళ్ళండి. పలచటి కాగితం పట్టీలు మూడు, నిప్ కింద మూడు చోట్ల పెట్టి లాగి చూడండి. గేర్ సైడ్ పట్టీ తేలిగ్గా జారి వస్తే అక్కడ ఒత్తిడి లేదు. ట్రీటర్ దగ్గర రబ్బరు రోలర్లు ఓజోన్‌కి గట్టిపడి పగుళ్ళు తీస్తాయి. గోరుతో నొక్కితే తెలిసిపోతుంది. మీ రోల్ పొరలు అతుక్కుంటున్నాయంటే వెనక ముఖానికి ట్రీట్‌మెంట్ అందుతోందన్నమాట. అంటే ఎక్కడో ఫిల్మ్ కింద గాలి దూరుతోంది. మ్యాప్‌లో వెనక ముఖం అంకెలు చూడమన్నది అందుకే. పాలీకి ట్రీట్ కాని ముఖం 31, 32 దగ్గర ఉండాలి. అక్కడ 36 కనిపిస్తే నిప్, ఫిల్మ్ టెన్షన్, ముడతలు ఈ మూడూ చూడాల్సిందే. ట్రీట్ అయిన రెండు ముఖాలు ఒత్తిడి మీద ఒకదానికొకటి అంటుకుంటాయి. లోపలి ముఖం ట్రీట్ అయితే సీల్ అవడానికి ఎక్కువ వేడి కావాల్సి వస్తుంది. మీ పౌచ్ మెషిన్ వాళ్ళు పడుతున్న బాధ ఇదే.

బలహీనత గీతలా కాకుండా తిరిగి తిరిగి వస్తుంటే మీటరు టేపు తీయండి. ఒక మచ్చకీ తర్వాతి మచ్చకీ మధ్య దూరం కొలిచి 3.14తో భాగిస్తే రోలర్ వ్యాసం వస్తుంది. 471 మి.మీ. వస్తే 150 మి.మీ. వ్యాసమున్న రోలర్, 628 వస్తే 200 మి.మీ. రోలర్. ఆ వ్యాసమున్న రోలర్ ఏదో మీ మెషిన్ మీద వెతకడమే. ఒకసారి మా దగ్గర సరిగ్గా 628 వచ్చింది. ట్రీటర్ స్లీవ్ మీద పారదర్శకమైన టేపు ముక్క, వేలి గోరంత, అతుక్కుని ఉంది. అది ఫిల్మ్‌ని ఎత్తుతూ ప్రతి చుట్టుకీ ఒక మచ్చ వేస్తోంది. అంతకు ముందు రెండు రోజులు మేము ఇంకు సప్లయర్‌ని అడుగుతూ కూర్చున్నాం.

ఇక చెప్పాల్సింది శుభ్రత, గాలి. ఇది మన ప్రాంతానికి మరీ ముఖ్యం. కరోనా ఓజోన్‌తో పాటు నైట్రోజన్ ఆక్సైడ్లు కూడా పుట్టిస్తుంది. గాలిలో తేమ ఉంటే అవి నత్రికామ్లంగా మారి ఎలక్ట్రోడ్‌ని తినేస్తాయి, తెల్లటి పొడి పేరుకుంటుంది. మాకు గోపాలపూర్ సముద్రం దగ్గర. ఉప్పు గాలి ఇన్సులేటర్ల మీద పొరలా పడి, తడి వాతావరణంలో కరెంటుకి దొంగదారి ఇస్తుంది. గుణుపురంలో ఉప్పు గాలి ఉండదు గానీ, వంశధార ఒడ్డున వానాకాలం తేమకి తక్కువ లేదు. వానాకాలంలో అదే సెట్టింగ్ మీద ఒకటి రెండు డైన్లు తగ్గడం మామూలే, కానీ అది వెడల్పు అంతటా తగ్గాలి. ఒక్క పక్కే తగ్గితే ఎగ్జాస్ట్, అంటే ట్రీటర్ గాలిని బయటికి పీల్చే డక్ట్, చూడండి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గంజాం, గజపతి జిల్లాల్లో మేమందరం దెబ్బ తిన్నాం. కరెంటు వచ్చాక మెషిన్ మొదలుపెట్టాం. నాలుగో రోజు మా ఒడియా ఆపరేటర్ వచ్చి, "భాయినా (అన్నా), ఈ పక్క వాసన ఎక్కువ వస్తోంది" అన్నాడు. ఓజోన్ వాసన అది. అది బయటికి పోవాలి, ప్రెస్ పక్కన రాకూడదు. పైకెక్కి చూస్తే డక్ట్ నొక్కుకుపోయి ఒక పక్క పీల్చడం ఆగిపోయింది. ఆ పక్క ఎలక్ట్రోడ్ మీద తెల్ల పొడి మందంగా పట్టి, మ్యాప్‌లో అటే అంకెలు పడిపోయాయి. మెషిన్ మీటర్ ఏమీ చెప్పలేదు. ఆ మనిషి ముక్కే చెప్పింది. అప్పటి నుంచి మా కొత్త కుర్రాళ్ళకి నేను మొదట నేర్పేది ఆ వాసన పట్టడం. ఓజోన్ 0.1 పీపీఎం దాటిన గాలిలో షిఫ్ట్ అంతా పని చేయకూడదు, గొంతు మండుతోందని ఎవరన్నా అంటే మెషిన్ ఆపి డక్ట్ చూడండి.

శుభ్రం చేయడానికి ఎలక్ట్రోడ్ చల్లారనిచ్చి, నూలు పోగులు రాలని గుడ్డని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి వాడండి. అది పూర్తిగా ఆరాకే పవర్ ఇవ్వండి. మండే ద్రావకం మీద స్పార్క్ పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఎలక్ట్రోడ్ మీద గీతలు పడేలా ఇసుక కాగితం రుద్దొద్దు. శుభ్రం చేసిన ప్రతిసారీ గ్యాప్ మళ్ళీ కొలవాలి, మా వాషర్ కథ మీరు చదివారు కదా.

ఇంకో చిట్కా: రాత్రి షిఫ్ట్‌లో ట్రీటర్ దగ్గరి లైట్లు ఆపి, అద్దం కిటికీ గుండా వెలుగు చూడండి. వెడల్పు అంతా ఒకే ఊదా పట్టీలా ఉండాలి. ఒకచోట మందంగా, ఒకచోట కోసుకుపోయిన తెల్లటి దారాల్లా కనిపిస్తే అక్కడే రోగం. మూత తీసి మాత్రం చూడొద్దు, ఇంటర్‌లాక్‌ని (మూత తీస్తే కరెంటు ఆపే ఏర్పాటు) దాటేయొద్దు.

ట్రీట్‌మెంట్ ఎక్కువైతే ఏమవుతుంది అని కొందరు అడుగుతారు, డైన్ ఎంత ఎక్కువుంటే అంత మంచిది కదా అని. కాదండీ. అతిగా కాల్చితే పైపొర ముక్కలై, సరిగ్గా పట్టులేని ఆక్సీకరణ పొర ఏర్పడుతుంది. డైన్ ద్రవం దాని మీద చక్కగా పరుచుకుంటుంది, 48 చూపిస్తుంది. ఇంకు కూడా దానికే అంటుకుంటుంది. కానీ ఆ పొరకే కింద పట్టు లేదు, టేపుతో పాటు ఇంకూ ఆ పొరా కలిసి లేచొస్తాయి. అప్పడాల ప్యాకెట్ల జాబ్‌లో మేము 46 వచ్చిందని సంబరపడి, మర్నాడు టేపు వేస్తే మొత్తం ఊడిన రోజు ఉంది. సాల్వెంట్ ఇంకుకి పాలీ మీద 38 నుంచి 40 చాలు. నీటి ఇంకుకి ఇంకొంచెం కావాలి. డైన్ ఒక సూచన మాత్రమే, తీర్పు టేపుది. ప్రింట్ అయి ఆరాక, మళ్ళీ మర్నాడు, రెండుసార్లూ టేపు వేయండి.

లేబుల్స్ చేసేవాళ్ళు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి ఒక మాట. ఛత్రపురం వైపు మొగలిపూల అత్తరు సీసాలకి పీపీ లేబుళ్ళు మేము ఒకప్పుడు చేసేవాళ్ళం. సన్న వెడల్పు యూవీ ఫ్లెక్సో మెషిన్లలో వెడల్పు 250, 330 మి.మీ.లే ఉంటుంది కాబట్టి గ్యాప్ తేడా తక్కువగా కనిపిస్తుంది. అక్కడ వచ్చే తగువు వేరు. టాప్‌కోట్ (ఇంకు పట్టడానికి ముందే పూసిన పూత) వేసిన లేబుల్ స్టాక్‌కి కరోనా అక్కర్లేదు, పెడితే ఆ కోటింగే పాడవుతుంది. టాప్‌కోట్ లేని స్టాక్‌కి మాత్రం ప్రెస్ మీదే పెట్టాలి. ఏ రోల్‌కి ఏది అన్నది లోపలి అట్టగొట్టం మీదే రాసి పెట్టండి. అంచుల నుంచి జిగురు కారి రోలర్ మీద చేరితే దాని మీద దుమ్ము, దాంతో గ్యాప్ మారడం మామూలే. అల్యూమినియం పూత ఉన్న మెటలైజ్డ్ ఫిల్మ్ అయితే పద్ధతే మారుతుంది, దానికి సిరామిక్ ఎలక్ట్రోడ్, స్లీవ్ లేని రోలర్ కావాలి. మామూలు ట్రీటర్ మీద నడిపితే స్పార్క్‌లొచ్చి ఫిల్మ్‌కి బెజ్జాలు పడతాయి.

ఇప్పుడు మీ 11 రోల్స్ సంగతి. ట్రీట్‌మెంట్ కాలంతో తగ్గిపోతుంది, ముఖ్యంగా స్లిప్ ఎక్కువున్న పాలీకి. లోపల కలిపిన స్లిప్ మెల్లగా పైకి తేలి ట్రీట్ అయిన పొరని కప్పేస్తుంది, వేసవి గోడౌన్ వేడిలో ఇంకా తొందరగా. సప్లయర్ సర్టిఫికెట్ మీద ఉండేది తయారైన రోజు అంకె. కాబట్టి ప్రతి రోల్ నుంచి పై నాలుగైదు చుట్లు తీసేసి, రెండు ముఖాలా ఐదేసి చోట్ల చూడండి. వెడల్పు అంతటా 36, 37 సమంగా ఉంటే గ్యాప్ సరిచేసిన ట్రీటర్ మీద 1.6 కిలోవాట్లతోనే అవి లేస్తాయి, నిశ్చింతగా నడపండి. 32 దగ్గర ఉంటే దాన్ని ప్రెస్ మీద లేపాలని చూడొద్దు. స్లిప్ పైకి తేలాక కరోనా దాని కిందికి సరిగ్గా పోదు, లేపినా ఆ బలం రెండు రోజులుండదు. అవి సప్లయర్‌తో మాట్లాడి మార్చుకోండి, లేదా ప్రింట్ లేని సంచులకి వాడండి. పాత రోల్ ముందు వాడే పద్ధతి ఇకనైనా మొదలుపెట్టండి.

ఇప్పటికే 2.4 మీద ప్రింట్ అయి పొరలు అతుక్కున్న రోల్స్ ఉన్నాయి కదా, వాటిని స్లిట్టర్ మీద నెమ్మదిగా, తక్కువ టెన్షన్‌తో విప్పి చూడండి. ఇంకు వెనక ముఖానికి అంటకుండా విడిపోతే సీల్ వేడి 5 నుంచి 10 డిగ్రీలు పెంచి ఇరవై పౌచ్‌లు తీయండి. వాటిలో నీళ్ళు నింపి, పైన బరువు పెట్టి ఒక రాత్రి ఉంచండి. ఒక్కటి కారినా ఆ రోల్ ఆర్డరిచ్చిన పార్టీకి పంపొద్దు. గేర్ సైడ్ ఇంకు ఊడే 150 మి.మీ. పట్టీలో వచ్చే వరసల్ని వేరు చేసి పక్కన పెట్టండి, మంచివాటిలో కలపొద్దు. గ్యాప్ పన్నెండు అంకెలు, మ్యాప్ ఫొటో ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.